ఉప్పునీళ్ల గొయ్యి

రెండో గొయ్యిలోనూ నీళ్లు ఊరాయి.

మొదటిది మూడడుగులు తవ్వేసరికే చెమ్మ, ఆపైన బురద, ఆపైన నీళ్లు. ఇక్కడ పల్లం కాబోలనుకుని ఆవలి మూల మెరక చూసి మళ్లీ పలుగు వేశారు. నడుం లోతుకి దిగారో లేదో, తవ్వుతున్న క్రాంతికుమార్ పాదాలు కనపడకుండా పోయాయి. అతను వేలు ముంచి నాలిక్కి రాసుకున్నాడు. చుట్టూ అంతమంది ఉన్నా ఎవరితో చెప్పాలో తెలియక దానమ్మతోనే చెప్పాడు.

"ఉప్పునీళ్లేనండి టీచరమ్మా."

సమాధుల దొడ్డి మొదట్లో, చర్చిలోంచి మోసుకొచ్చిన రెండు బల్లల మీద జోజి పెట్టె ఉంది. పాస్టరుగారు చదవాల్సిన వాక్యం దగ్గర వేలు పెట్టుకుని నించున్నారు. ఏప్రిల్ ఎండ నెత్తి మాడ్చేస్తోంది. మనిషి పోయి ఒక రోజు దాటింది. కట్టుకున్నవాణ్ని ఉప్పునీళ్లలో ముంచి పైన మట్టి కప్పమని ఏ ఆడది చెప్పగలదు? దానమ్మ తల అడ్డంగా ఊపింది, అంతే.

ఈ గోతిలోకి నీళ్లెలా వచ్చాయో చెప్పాలి. అవి దేవుడు పంపినవి కావు.

దొడ్డికి దక్షిణాన, మురుగు కాలువ పక్కన కేశవరావు గారి రొయ్యల చెరువులున్నాయి. కేశవరావు గారిది ఏ పార్టీ అని అడక్కండి. ఏ ఎండకా గొడుగు. ఎవరు గెలిస్తే వాళ్ల కండువా తెల్లారేసరికి ఆయన మెడలో ఉంటుంది. రెండేళ్ల కిందట ఆయనే ఏటిగరువు పేటకొచ్చి, సమాధుల దొడ్డికి ప్రహరీ గోడ కట్టిస్తాను, ఊరందరి సంతకాలు కావాలి అన్నాడు. గోడ ఆ పేటకి తాతలనాటి కోరిక. గేదెలు తొక్కి, కుక్కలు కెలికి సమాధులు పాడవుతుంటే ఎన్నిక ఎన్నికకీ అడుగుతూనే ఉన్నారు.

ఆ సంతకాలు పెట్టించింది దానమ్మ.

చదువుకున్నవాళ్లకిది చిన్న సంగతిలా కనపడొచ్చు. ఆ పేటలో సగం మందికి సంతకం నేర్పిందే ఆవిడ. అంగన్‌వాడీలో పొద్దున్న పిల్లల్ని, పొద్దువాలాక వాళ్ల తల్లుల్ని కూర్చోబెట్టి, వేలిముద్ర వేసే చేతులకి బలపం పట్టించింది. అందుకే ఆదివారం ఆరాధన అయ్యాక ఆవిడ తెల్లకాగితాలు పట్టుకుని మనిషి మనిషి దగ్గరికీ తిరుగుతుంటే ఎవరూ ఏమిటని అడగలేదు. టీచరమ్మ ఎదట సంతకం పెట్టడమంటే వాళ్లకి పాఠం అప్పజెప్పడమే. బాగా వచ్చిందా అని అడిగినవాళ్లున్నారు గాని, పైన ఏం రాస్తారని అడిగినవాళ్లు లేరు.

జోజి ఒక్కడే అడిగాడు. "పైన ఖాళీగా ఉంటే కింద సంతకమేంటే?"

"ఆయన టైపు చేయించుకుంటారంట. నీకన్నీ అనుమానాలే. పెట్టు."

పెట్టాడు పాపం.

నెల తిరక్కుండా ప్రొక్లెయిన్లు దిగాయి. గోడకి పునాది తీస్తున్నారనుకుని పేటంతా సంబరపడింది. డ్రైవరు ఎండలో మాడిపోతున్నాడని దానమ్మే మజ్జిగ పంపింది. వారానికి గాని తెలియలేదు, తవ్వుతున్నది చెరువని. దొడ్డిలో దక్షిణపు వరసలు రెండూ ఆ తవ్వకంలో పోయాయి. తవ్విన మట్టి చెరువుకి గట్టయింది. అడ్డం పడ్డవాళ్లని పోలీసులు తీసుకెళ్లి సాయంత్రం దాకా కూర్చోబెట్టి పంపారు. ఏడాది తిరిగేసరికి పేటలో బావి నీళ్లు నోట పెట్టుకోవడానికి లేకుండా పోయాయి, కొబ్బరి చెట్లకు మొవ్వులు ఎండాయి.

జోజి కొబ్బరి దింపు తీసే మనిషి. నిన్న పొద్దున పురుషోత్తం మాస్టారి తోటలో చెట్టెక్కాడు. నలభై ఏళ్లు ఎక్కినవాడికి ఏ మట్ట పట్టుకుంటే ఆగుతుందో చేతికే తెలుసు. ఉప్పు తాగిన చెట్టుని ఆ చెయ్యి పోల్చుకోలేకపోయింది. పచ్చగా ఉన్న మట్టే ఊడి చేతిలోకి వచ్చింది.

ఇంకో సంగతి ఉంది. అది ఆ ఇంట్లో ముగ్గురికే తెలుసు. అమలాపురంలో డిగ్రీ చదువుతున్న కూతురు షైనీ, సమాచార హక్కు కింద అర్జీ పెట్టి ఆ కాగితాల నకలు తెప్పించింది. 'రొయ్యల చెరువులు తవ్వుకొనుటకు గ్రామస్థులమైన మాకు ఎట్టి అభ్యంతరము లేదు.' కింద నూట పన్నెండు సంతకాలు, మొదటిది దానమ్మది. అది చదివి దానమ్మ కూతురి చేతులు పట్టుకుంది. "పేటలో చెప్పకే తల్లీ. వాళ్ల మొహం ఎలా చూడను?" షైనీ పోట్లాడి, అలిగి, హాస్టలుకి వెళ్లిపోయింది.  జోజి సోమవారం సోమవారం అర్జీ పట్టుకుని ఒక్కడే ఆఫీసుల చుట్టూ తిరిగాడు. ఊరంతా ఒప్పుకుంది కదయ్యా, నీ ఒక్కడికే ఏం నొప్పి అనేవారట అక్కడ. ఇంటికొచ్చి ఆ మాట చెప్పి, పెళ్లాం మొహం చూసి, "అన్నం పెట్టవే" అనేవాడు. ఏడాది పాటు అలాగే తిరిగాడు.

మధ్యాహ్నం పన్నెండవుతుండగా కేశవరావు గారి కారొచ్చింది. పెట్టె మీద దండ వేసి, చెప్పులు విడిచి, చేతులు జోడించి నించున్నాడు. ఆ పని ఆయనకి బాగా వచ్చు.

"జోజి మంచోడమ్మా. ఇక్కడ నీళ్లొస్తన్నాయంటున్నారు కదా. ఏటవతల నా స్థలం ఉంది, అక్కడ కానిచ్చేద్దాం. బండి నేను పెడతాను."

కొందరు తలలూపారు. తప్పు పట్టడానికి లేదు, ఎండలో దేహం ఆగదు. పాస్టరుగారు కూడా, "ఆలోచించండమ్మా" అన్నారు మెల్లిగా.

మెర్సీ ముందుకొచ్చింది. రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి పోతుంది మెర్సీ, వేళ్ల చివర్లు ఎప్పుడూ పుళ్లే.

"మా దొడ్డిలో మేం పూడ్చుకోడానికి మీ స్థలమెందుకండీ? మీ చెరువు తీయించండి, నీళ్లు అవే పోతాయి."

"ఊరంతా ఒప్పుకున్న చెరువమ్మా అది."

"ఎవరండీ ఒప్పుకున్నారు?"

"నూట పన్నెండు మంది. నువ్వూ పెట్టేవు సంతకం. నమ్మకపోతే మీ టీచరమ్మనే అడుగు."

అందరూ దానమ్మ కేసి తిరిగారు. నాకు తెలీదు అంటే సరిపోతుంది. మొగుణ్ని పోగొట్టుకున్న మనిషిని ఇవాళ ఎవరూ గుచ్చి అడగరు. దానమ్మకి ఆ సంగతీ తెలుసు. పెట్టె కేసి చూసింది. మూత మీద కేశవరావు దండ ఉంది. వెళ్లి దాన్ని తీసి పక్కన పెట్టి, జనం వైపు తిరిగింది.

"నిజమే. గోడకని నేను పెట్టించిన సంతకాలే. పైన చెరువులకని రాసుకున్నారు. ఏడాదై నాకు తెలుసు. సిగ్గుపడి దాచేను. నేను నోరిప్పుంటే మీరందరూ ఈయన వెనకాల ఆఫీసులకి వెళ్లేవారు. నా పరువు కోసం నా మొగుడు ఒంటరోడైపోయేడు."

 మెర్సీ అంది, అరవకుండా, అందుకే మరీ బాధగా. "నాకు అక్షరాలు నేర్పింది ఇందుకా టీచరమ్మా?"

 వెనకాల ఎవరో, "పోన్లెండి, ఆవిడకి మాత్రం ఏం తెలుసు, మోసపోయింది" అన్నారు.

"పోనివ్వద్దు," అంది దానమ్మ. "ఈయన్ని పూడ్చిపెట్టేక నన్ను తిట్టండి. ఎంతైనా తిట్టండి. ముందు ఈ పని చూడండి."

పురుషోత్తం మాస్టారు గుంపు దాటుకుని వచ్చారు. అంతవరకూ ఆయన, జోజి తన చెట్టు మీంచే పడ్డాడని తలెత్తలేక దూరంగా నించున్నారు. "అమ్మా, నా తోటలో మెరక ఉంది. మావాళ్లు ఏమనుకున్నా నాకు లెక్కలేదు. అక్కడికి తీసుకురండి."

"మీ మాటకి దణ్ణవండి మాస్టారూ. మా స్థలం మాకుందండి." దానమ్మ చెయ్యెత్తి చెరువు గట్టు చూపించింది. ట్రాక్టరు తిరిగేంత వెడల్పు గట్టు అది, పొడిగా, ఎత్తుగా ఉంది. "మా దొడ్డి మట్టంతా అక్కడే పోసేరు. మట్టి ఎక్కడుంటే దొడ్డి అక్కడే."

"గట్టు ముట్టుకున్నారంటే కేసులైపోతాయి," అన్నాడు కేశవరావు. చేతులు జోడించిన మనిషి మాయమయ్యాడు. ఫోను తీశాడు.

ఎవరూ కదల్లేదు. నిజం చెప్పాలి, ఆ క్షణాన ఆ పేట భయపడింది. సగం మందికి ఆ చెరువుల మీదే కూలి. అప్పుడు క్రాంతికుమార్ పలుగు భుజాన వేసుకుని ఎవరినీ చూడకుండా గట్టెక్కాడు. తండ్రి కబురు విని నిన్నే హాస్టలు నించి వచ్చిన షైనీ పార తీసుకుని వెనకాలే వెళ్లింది.

మోకాలి లోతులో ఠంగుమంది. రాయి అనుకున్నారు. క్రాంతికుమార్ చేత్తో మట్టి తుడిస్తే సిమెంటు పలక, సగానికి విరిగింది. దాని మీద వంకర అక్షరాలు. 'ప్రభువునందు నిద్రించెను'. పేరున్న సగం లేదు.

పేరు లేకపోయినా మెర్సీకి తెలిసింది. తల్లి సమాధి మీద పచ్చి సిమెంటులో తన వేలితో తనే రాసిన అక్షరాలవి. అక్కడే కూలబడి పలకని ఒళ్లో పెట్టుకుంది. అమ్మని కూడా తెచ్చి గట్టు కింద తొక్కేసేరా అని ఒక్క ఏడుపు ఏడ్చింది. ఆ ఏడుపుకి ఆడవాళ్లంతా గట్టెక్కారు. పలుగులు లేనివాళ్లు చేతుల్తో మట్టి తీశారు. రొయ్యలకి మేత వేసే కూలీలు ఇద్దరు బస్తాలు కింద పడేసి వచ్చి కలిశారు.

గొయ్యి ఆరడుగులూ పొడిగా వచ్చింది.

పోలీసు జీపు వచ్చేసరికి పెట్టె దిగిపోయింది. పాస్టరుగారు జీపుని చూసి కూడా వాక్యం ఆపలేదు. ఎస్సై గట్టు కిందే ఆగి, చివరి ఆమెన్ దాకా చూసి, అప్పుడు పైకొచ్చాడు.

"గట్టు తవ్వమన్నదెవరు?"

"నేనేనండి," అంది దానమ్మ.

"అందరం తవ్వేం," అంది మెర్సీ. టీచరమ్మ మీద కోపం పోలేదు దానికి, మొహం ఇంకా అటు తిప్పుకునే ఉంది. "మమ్మల్నీ రాసుకోండి."

ఎస్సై దానమ్మనే జీపెక్కించాడు. రేపు పొద్దున మిషన్ తెచ్చి పెట్టె తీయిస్తానని కేశవరావు అందరికీ వినపడేలా చెప్పాడు. ఆ మాట విని షైనీ చెప్పులు విడిచి గొయ్యి పక్కన కూర్చుంది. ఆ పిల్ల పక్కన క్రాంతికుమార్, ఆ పక్కన పురుషోత్తం మాస్టారు, ఒళ్లో పలకతో మెర్సీ, ఆ తరవాత పేటంతా.

జీపు కదిలాక దానమ్మకి అప్పుడొచ్చింది ఏడుపు. ముప్పైనాలుగేళ్లు కాపురం చేసిన మనిషి మీద గుప్పెడు మట్టి వేసి, పక్కన ఒక్క గంట కూర్చోనివ్వలేదు. గోళ్లలో ఆ మట్టి ఇంకా ఉంది.

"ఈ వయసులో ఎందుకమ్మా మీకివన్నీ," అన్నాడు ముందు సీట్లోంచి ఎస్సై. "ఇంట్లో ఉండక."

"ఆయనొక్కణ్నీ వదిలేసి వచ్చేనండి," అంది దానమ్మ, ఏడుస్తూనే వెనక్కి తిరిగి.

కానీ గట్టు మీద నించి ఒక్కరూ లేవలేదు.