సీసంలో చదువుకున్న అమ్మ

అక్క మెట్లెక్కుతున్న చప్పుడు వినగానే తమ్ముడికి తల పట్టుకోవాలనిపించింది. అక్క రచయిత్రి. తమ్ముడిది చిన్న అచ్చు ప్రెస్సు, సీసం అక్షరాలు ఒక్కొక్కటీ ఏరి పేర్చి పుస్తకం వేసే చోటు. అక్క పుస్తకాలన్నీ అక్కడే పుట్టాయి, తమ్ముడి ప్రాణం తోడేసి మరీ పుట్టాయి.

ప్రెస్సులో అక్షరాలు తక్కువ. కొన్ని పేజీలు పేర్చి, అచ్చు వేసి, ఆ అక్షరాలు విడగొట్టి మళ్లీ అరల్లో సర్దుకుంటే గాని తర్వాతి పేజీలకు చెయ్యి ఆడదు. ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా అక్క చెవికెక్కదు. అచ్చయి ఆరిపోయిన పేజీ తెచ్చి "ఈ వాన తీసేసి ఎండ పెట్టు" అంటుంది. రచయిత్రి గారి తమ్ముడు ఏం చేస్తాడు? పళ్లు నూరుకుంటాడు.

ఈసారి పుస్తకం అమ్మ గురించి. అమ్మ పోయి ఏడాది కాలేదు. చివరి పేజీ పేర్చి చట్రంలో బిగించాడు, అక్క చూసి ఊ అంటే మిషను ఎక్కించడమే. అందులో ఒక వాక్యం ఉంది: ‘అమ్మ ఒక్క అక్షరం ముక్క రాకుండానే వెళ్లిపోయింది, నేను రాసిన ఒక్క మాటా చదవలేదు.’ అది పేర్చడానికి తమ్ముడి చేతులు మొరాయించాయి. కానీ రాసినవాళ్ల మాట మార్చడం ప్రెస్సులో మహాపాపం. ఉన్నదున్నట్టే పేర్చాడు, పేర్చినంతసేపూ అక్కను తిట్టుకున్నాడు.

"ఏమిట్రా ఆ మొహం?" అంది అక్క, ప్రూఫు కాగితం అందుకుంటూ.

"ఈ వాక్యం తీసెయ్యక్కా."

"నేను మార్చమన్నప్పుడల్లా ఇంతెత్తున లేస్తావు. బాగున్నదాన్ని మాత్రం తీసెయ్యమంటావా?"

"అది అబద్ధం."

"అబద్ధమా? నా మొదటి పుస్తకం చేతిలో పెట్టి చదవమన్నాను. పేరు కూడా కూడబలుక్కోలేకపోయింది. పలక మీద రాయమంటే అన్నీ తిరగేసి రాసింది. కళ్లారా చూశాన్రా!"

"చూసి ఏం చేశావు?"

ఆ రోజు అమ్మ రాత చూసి అక్క పడీ పడీ నవ్వింది. ఇద్దరికీ గుర్తే.

"తిరగేసి కాక ఇంకెలా రాస్తుంది?" తమ్ముడు అరిచేశాడు. ఇన్నాళ్లూ దిగమింగుకున్నదంతా ఒక్కసారిగా బయటికి వచ్చింది. "నాకు క్యారేజీ తెచ్చి, నేను తినేదాకా ఇక్కడే నిలబడేది. ఇదేం అక్షరం, అదేం అక్షరం అని అడిగి అడిగి ఈ సీసం మీదే నేర్చుకుంది. ఇక్కడన్నీ అద్దంలోలా ఉంటాయి కదా! కాగితం మీది అక్షరమే ఆవిడకు తిరగబడి కనిపించేది. సవ్యంగా నేర్పుదామని నేను కూర్చునేలోపే నువ్వు నవ్వావు. ఆ తర్వాత కాగితం ముట్టుకుంటే ఒట్టు. నీకు చెబితే తన మీద ఒట్టేనంది."

"అయితే నా పుస్తకాలు..."

"అన్నీ చదివింది! అచ్చు కాకముందే, ఒక్కో పేజీ, ఈ బల్ల దగ్గరే. నీ మొదటి పాఠకురాలు ఆవిడే తల్లీ!"

అక్క స్టూలు మీద కూలబడింది. ఆ వాక్యం తీసెయ్యమంది. తమ్ముడు అక్షరాలు ఊడదీయడానికి వంగబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఏమనేదిరా?"

"రెండో దాంట్లో కథానాయకుడు ఉత్త దద్దమ్మ అంది. మూడోది చదువుతూ కళ్లొత్తుకుంది. ఏమైందమ్మా అంటే సీసం వాసన అని బుకాయించింది."

అక్క లేచింది. బల్లకు అమ్మ నిలబడే వైపు ఎటో అడిగి, అటు వెళ్లి వంగింది. తను రాసిన వాక్యాన్నే వేలు పెట్టి చదవబోయింది. ‘అమ్మ’ దాకా పోల్చుకుంది. ఆ పక్కనున్నది కొరుకుడు పడలేదు.

"ఇదేం అక్షరంరా?" అంది ఏడుస్తూనే.

తమ్ముడు విసుక్కుంటూనే చెప్పాడు.