ముఖం మీద అరచేతులు

గొర్రెల ఉన్ని కత్తిరించే రోజులు మళ్ళీ వచ్చాయి. దోసన్ అంబులెన్సును పంపు దగ్గరికి తోలి, వెనక తలుపులు రెండూ బార్లా తీసి, బ్లీచింగు నీళ్ళతో కడగడం మొదలుపెట్టాడు. పొద్దున కడిగిందే. నిన్న కూడా కడిగిందే. నేల కడిగాడు, స్ట్రెచరు కాళ్ళు కడిగాడు, తలుపు పిడి వెనక వేలి కొస మాత్రమే తగిలే చోటును పాత బ్రష్షుతో రుద్దాడు.

"రంగు ఊడేదాకా వదలరా, దోసన్ అగా?" అంది ఉల్మెకెన్. చలికాలంలో కొత్తగా వచ్చిన అంబులెన్సు నర్సు. ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని, ఎండిన పెరుగు ఉండ ఒకటి బుగ్గన పెట్టుకుని చప్పరిస్తోంది. "చూసినవాళ్ళు ఈ బండికి పెళ్ళి చేస్తున్నారనుకుంటారు."

"నోట్లోంచి వేలు తియ్యి."

"వేలు కాదు, కుర్త్. మీకూ ఒకటి పడెయ్యనా?"

దోసన్ బ్రష్షును మళ్ళీ నీళ్ళలో ముంచాడు. అతని దగ్గర మాటలు తక్కువ. నిరుటి నుంచి ఇంకా తగ్గాయి.

నిరుడు ఇవే రోజుల్లో ఈ బండిలో నర్సుగా రైఖాన్ ఉండేది. మైదానంలో ఒక కాపరి ఉన్ని కత్తిరిస్తూ, గొర్రెలకు పట్టి నెత్తురు పీల్చే పిడుదులను గోళ్ళతో నలిపాడు. ఇక్కడ అందరూ నలుపుతారు. అతనికి జ్వరం వచ్చింది, ఆ వెనకే చిగుళ్ళ నుంచి, ముక్కు నుంచి నెత్తురు. తీసుకొస్తూ ఉంటే దారిలోనే పోయాడు. ఆ తర్వాత రైఖాన్ కూడా అదే జ్వరంతో, అదే నెత్తురుతో పోయింది. బండి నడిపిన దోసన్‌కు తుమ్ము కూడా రాలేదు.

నగరం నుంచి విచారణకు మనుషులు వచ్చారు. గ్లవుజు చిరిగిందా అని అడిగారు. లేదన్నాడు. తీసేటప్పుడు వరస తప్పిందా? లేదు. గౌను తీసింది, గ్లవుజులు తిరగేసి తీసింది, సబ్బుతో మోచేతుల దాకా కడిగింది, నేనే నీళ్ళు పోశాను. ముఖం ముట్టుకుందా? లేదు. చూసింది చూసినట్టు చెప్పాడు. వాళ్ళు తేల్చిన మాట ఊళ్ళోకి వచ్చేసరికి ఇంతే మిగిలింది: నర్సుది అజాగ్రత్త.

"మంచి పిల్లే, చేతి శుభ్రమే లేదట పాపం," అని బజార్లో ఆడవాళ్ళు అనుకుంటుంటే దోసన్ చెవులారా విన్నాడు. వేరేవాళ్ళు కడిగిన టీ గిన్నెను మళ్ళీ కడుక్కుని తాగే మనిషి రైఖాన్.

అంటే చావు ఎక్కడో ఒక సందులోంచి వచ్చింది. తన కళ్ళ ముందే వచ్చింది. ఆ సందు ఏదో తెలియలేదు కాబట్టి ఇంకా తెరిచే ఉంది. ఇప్పుడు అదే సీట్లో ఈ పిల్ల కూర్చుంటోంది. అతనికి ఉన్న భయమంతా అదే.

ఇంకొకటి కూడా ఉంది, ఎవరికీ చెప్పనిది. బయలుదేరే ముందు రైఖాన్ సీటు బెల్టు కొక్కేన్ని వేలితో టకటకమని కొట్టేది, ఇక పోదాం అన్నట్టు. ఆమె పోయాక దోసన్ ఆ కొక్కెం మార్పించాడు. అయినా పట్టపగలు, పక్క సీట్లో ఎవరూ లేనప్పుడు, ఆ చప్పుడు వినిపిస్తుంది. అద్దంలోంచి వెనక్కి చూస్తే స్ట్రెచరు మీదికి వంగిన వీపొకటి కనిపించి, చూస్తుండగానే లేకుండా పోతుంది. అందుకే కడుగుతాడు.

ఆ వారమే షోల్పాన్ అనే డాక్టరు నగరంలోని పరిశోధనశాల నుంచి వచ్చింది. అంబులెన్సు వాళ్ళకీ, మంటలార్పే వాళ్ళకీ, పోలీసులకీ అంటురోగాల శిక్షణ. బడిలో పిల్లలు కసరత్తులు చేసే హాలుకు నల్ల తెరలు కట్టించింది. రోగి స్థానంలో గుడ్డబొమ్మ. దానికి జిగట నీళ్ళేవో పూసింది.

"ఇది నెత్తురనుకోండి," అంది. "మామూలు వెలుతురులో కనిపించదు. నా నీలం దీపం కింద మెరుస్తుంది. ఎక్కడెక్కడ అంటించుకున్నారో అదే చెబుతుంది. నేను తిట్టక్కర్లేదు."

బొమ్మకు తండ్రిగా బడి కాపలాదారు ఒరాజ్ తాతను నిలబెట్టింది. "మీకు ఎలా తోస్తే అలా చెయ్యండి, ఒరాజ్ ఆటా," అని మాత్రం చెప్పింది.

ఉల్మెకెన్ గౌను, మాస్కు, గ్లవుజులు వేసుకుని బొమ్మ మీదికి వంగింది. దోసన్ డ్రైవరు కాబట్టి తలుపు దగ్గరే నిలబడ్డాడు. ఒరాజ్ తాత బొమ్మ కాళ్ళ దగ్గర కూలబడి గొంతెత్తాడు. "నా బిడ్డా, నా ఒంటెపిల్లా! నన్ను వదిలి ఎక్కడికి పోతున్నావురా!"

మంటలార్పే కుర్రాడొకడు కిసుక్కున నవ్వాడు.

"నవ్వకురా వెధవా, నీ పెళ్ళికూతుర్ని చూసినప్పుడు కూడా ఇంతే ఏడ్చాను."

హాలంతా గొల్లుమంది. ఉల్మెకెన్ నవ్వు ఆపుకుంటూనే కట్టు కట్టింది, మూతి తుడిచింది, గుండె నొక్కింది. కాసేపటికి షోల్పాన్ దగ్గరికి వచ్చి, "పోయాడు," అంది.

నవ్వులు ఆగిపోయాయి. ఒరాజ్ తాత ఇందాకటి ఏడుపు మానేసి, ఈసారి నిజంగానే మెల్లగా లేచి, రెండు అరచేతులూ తెరిచి పోయినవాడి కోసం దువా చదివాడు. హాల్లో అందరి చేతులూ తెరుచుకున్నాయి. "ఆమీన్," అన్నాడు తాత. అందరూ ముఖం మీదుగా చేతులు దించుకున్నారు.

ఆ తర్వాత ఉల్మెకెన్ ఒక్కొక్కటే విప్పింది. వరస తప్పలేదు. చేతులు కడిగింది. షోల్పాన్ తల ఊపి తెరలు దించమంది.

చీకట్లో నీలం దీపం వెలిగింది. ముందు చేతుల మీద పెట్టింది. ఏమీ లేదు. "చూశారా!" అంది ఉల్మెకెన్. దీపం పైకి లేచింది.

నుదురు మీద నుంచి బుగ్గల దాకా రెండు అరచేతులు మెరుస్తున్నాయి. వేలికి వేలు విడివిడిగా. కంటి రెప్పల మీద వేళ్ళ గుర్తులు, మాస్కు ఉన్నచోట మాత్రం చీకటి. ఆ చీకటి మీద కళ్ళు తేలుతున్నట్టున్నాయి.

కుర్రాళ్ళు ఈలలేశారు. "దయ్యం! దయ్యం!"

"ముఖం ముట్టుకున్నావా అమ్మాయ్?" అంది షోల్పాన్.

"లేదు డాక్టరు గారూ."

"నిజంగా?"

"మా అమ్మ మీద ఒట్టు. ఎప్పుడు ముట్టుకున్నాను?"

"తిరిగిన జిల్లాలన్నింటిలో ఇదే అడిగాను," అంది షోల్పాన్. గొంతు పెంచలేదు. "అందరూ లేదనే అన్నారు. ఒక్కరూ అబద్ధం చెప్పలేదు. దువా అంటే మనకి ముట్టుకోవడం కిందికి రాదు. నేనూ చాలా కాలం అలాగే అనుకున్నాను. మా ఇంట్లో చావు జరిగిన రోజు నా చేతులు ఎక్కడున్నాయో చూసుకున్నాక అర్థమైంది. ఇక నుంచి గ్లవుజులు ఉన్నంతసేపు చేతులు నడుం దాటకూడదు. దువా మనసులో చేసుకోండి."

"పెద్దవాడు చేతులు చాపితే చిన్నది రాయిలా నిలబడాలా?" అన్నాడు ఒరాజ్ తాత. "ఏం నేర్పుతున్నావు తల్లీ వీళ్ళకి?"

"బతకడం, ఆటా."

దోసన్ ఈ మాటలేవీ వినడం లేదు. అతనికి దీపం ముందున్న ముఖం ఉల్మెకెన్‌ది కాదు, రైఖాన్‌ది.

నిరుడు కాపరి ఊపిరి ఆగినప్పుడు తనే బండి ఆపాడు. దిగి వెనక్కి వెళ్ళి తలుపు తీశాడు. చుట్టూ మైదానం. ఆ మనిషి కోసం రెండు మాటలు చదవడానికి వాళ్ళిద్దరు తప్ప ఎవరూ లేరు. పెద్దవాడు తను. తలుపు బయట నిలబడి, అరచేతులు తెరిచాడు. స్ట్రెచరు పక్కన మోకాళ్ళ మీద ఉన్న రైఖాన్ తల ఎత్తి అతన్ని చూసింది. తర్వాత ఎర్రబడిన తన గ్లవుజులను చూసుకుంది. మళ్ళీ అతన్ని చూసింది. అతను చేతులు తెరుచుకుని ఎదురుచూస్తున్నాడు. ఆమె కూడా తెరిచింది.

విప్పిన ప్రతి గుడ్డ గుర్తుంది. పోసిన ప్రతి చెంబు నీళ్ళు గుర్తున్నాయి. ఆ చూపు మాత్రం ఇన్నాళ్ళూ గుర్తు రాలేదు. ఆమె అడిగింది. నోటితో కాదు, అంతే. తను విననే లేదు.

అతను గోడ పట్టుకుని బయటికి నడిచాడు. షోల్పాన్ వెంట వచ్చింది. "ఏమైంది, అగా?"

"ఎండ," అన్నాడు.

లోపలంతా చీకటి కదా, ఎండెక్కడిది అని ఆమె అడగలేదు. నీళ్ళ గ్లాసు అతని పక్కన పెట్టి వెళ్ళిపోయింది.

కొన్నాళ్ళకు ఉప్పునేలల అవతలి గొర్రెల మంద దగ్గరి నుంచి పిలుపు వచ్చింది. ఉన్ని కత్తిరించే కుర్రాడికి జ్వరం, ముక్కులోంచి నెత్తురు ఆగడం లేదు. ఉల్మెకెన్ నెత్తురు చిందకుండా పెట్టుకునే కళ్ళద్దాలు తగిలించుకుంది, కానీ లోపల వేడికి మసకబారుతుంటే నుదుటి మీదికి నెట్టింది. కుర్రాడిని స్ట్రెచరు మీదికి చేర్చేసరికి ఆమె గ్లవుజులు మణికట్టు దాకా తడిశాయి.

తలుపు వేయబోతుంటే కుర్రాడి తండ్రి అడ్డం వచ్చాడు. తెల్ల గడ్డం, మాసిన టోపీ.

"ఒక్క నిమిషం. దువా లేకుండా నా బిడ్డ ఇల్లు దాటడు."

కాదనడానికి ఏముంది? ముసలాయన అరచేతులు తెరిచాడు. ఆడవాళ్ళు తెరిచారు, కాపరులు తెరిచారు. బండి లోపల, స్ట్రెచరు పక్కన మోకాళ్ళ మీద ఉన్న ఉల్మెకెన్ ముసలాయన్ను చూసింది. తర్వాత దోసన్‌ను చూసింది. ఆమె చేతులు తమంతట తామే లేస్తున్నాయి, నిద్రలో లేచినట్టు. నడుం దాటాయి.

"ఆమీ..." అన్నాడు ముసలాయన.

"రైఖాన్! చేతులు దించు!"

ఆ కేక తనదేనని దోసన్‌కు కాసేపటి దాకా తెలియలేదు. ఉల్మెకెన్ చేతులు గడ్డం కింద ఆగిపోయాయి. ముసలాయన నోట్లో ఆమీన్ సగంలో తెగిపోయింది. ఆ పేరు ఎవరిదో అక్కడ అందరికీ తెలుసు. ఒక ఆడమనిషి తలగుడ్డ కొంగు నోట్లో కుక్కుకుంది.

"నా బిడ్డ దువా మధ్యలో చచ్చినదాన్ని పిలుస్తావా?" అన్నాడు ముసలాయన. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

దోసన్ తలుపు మూసి, బండి ఎక్కాడు. ఉప్పునేలల మీదుగా ఆస్పత్రి వైపు తోలాడు.

కుర్రాడు జిల్లా ఆస్పత్రిలో రెండో రోజు పోయాడు. ఆ ఇంటివాళ్ళకు కారణం వెతుక్కోవలసిన పని లేకపోయింది. దువా తెగ్గొట్టినవాడు ఎవరో అందరూ చూశారు.

దోసన్ రోజూ పొద్దున్నే ఉల్మెకెన్ గుమ్మం ముందు నిలబడేవాడు. ఆమె జడ అల్లుకుంటూ థర్మామీటరు కిటికీలోంచి బయటికి చాపేది. "జ్వరం లేదు, అగా. చూసుకోండి. మా అత్త కూడా నన్నింత కాపలా కాయదు." అంటుకుని ఉంటే జ్వరం బయటపడడానికి షోల్పాన్ చెప్పిన గడువు దాటింది. ఆ తర్వాత కూడా కొన్నాళ్ళు నిలబడ్డాడు.

ఒక శుక్రవారం బజార్లో కుర్రాడి తండ్రి ఎదురుపడ్డాడు. దోసన్ తలవంచి, పలకరింపుగా రెండు చేతులూ ముందుకు చాపాడు. ముసలాయన ఆ చేతులను చూశాడు, ముట్టుకోకుండా పక్కనుంచి వెళ్ళిపోయాడు. చుట్టూ ఉన్నవాళ్ళు తలలు తిప్పుకున్నారు.

చాపిన చేతులను ఏం చేసుకోవాలో తెలియక కోటు జేబుల్లో పెట్టుకున్నాడు. వెనక దుకాణంలో ఉల్మెకెన్ నేరేడు రంగు చున్నీ భుజం మీదికి తోసుకుని ఆప్రికాట్లు అమ్మేవాడితో పోట్లాడుతోంది.

"ఇవి పళ్ళా, గులకరాళ్ళా? మెత్తనివన్నీ నీ పెళ్ళానికి దాచావా?"

"పెళ్ళాం ఉంటే ఈ ఎండలో నీతో తిట్లు ఎందుకు తింటానక్కా?"

"ఎందుకు లేదో ఇప్పుడు తెలిసిందిలే. ఇటు తియ్, ఆ కింది గంప చూపించు."

దోసన్ వెనక్కి తిరగలేదు. జేబుల్లో చేతులు అలాగే ఉంచుకుని, ఆమె గొంతు వింటూ ఎండలో నిలబడ్డాడు.