నిమ్మకాయ ఆలస్యమైన రోజు

ఎమ్మిగనూరులో వీరన్న ఇంటి వెనక రేకుల షెడ్డులోకి రంపం మిషన్ వచ్చి మూడు రోజులైంది. ఆ మూడు రోజులూ కోడలు అనురాధకు దాన్ని బిగించడంతోనే సరిపోయింది. చూస్తున్న వీరన్నకు మొదట నవ్వొచ్చింది. వయసులో ఉన్నప్పుడు తనైతే దించిన గంటకే నాలుగు పలకలు కోసి, మీసం మెలేసుకుని ఉండేవాడు.

చూసేకొద్దీ ఆ నవ్వు ఎటో పోయింది. ఆమె మిషన్ కాళ్ళను నేలకు బోల్టులేసి బిగించింది. ప్లగ్గు పీకి పక్కన పెట్టి, బ్లేడుకూ పలకను ఆనించే పట్టీకీ మధ్య ఎడం ముందొకసారి, వెనకొకసారి కొలిచింది. వెంట్రుకవాసి తేడా కనబడిందని అంతా విప్పి మళ్ళీ మొదలుపెట్టింది. బ్లేడు పలకకు పైన గోరంతే కనబడేలా దించి, దాని మీద మూత బిగించింది. మోకాలు తగిలితే చాలు ఆగిపోయేలా స్విచ్చు కింద పెట్టుకుంది. చేత్తో కాకుండా పలకను తోయడానికి ఒక కర్ర కూడా చెక్కుకుంది. నలభై ఏళ్ళు వడ్రంగం చేసిన వీరన్న, ఎడమచేతికి మిగిలిన మూడు వేళ్ళతో గడ్డం నిమురుకుంటూ, పనితనమంటే ఇదీ అనుకున్నాడు. కడుపు నిండిపోయింది.

శుక్రవారం పూజ. ఆయన భార్య ఉచ్చీరమ్మ తెల్లారకముందే నిమ్మకాయలు తెచ్చిపెట్టుకుంది. ఇరవై రెండేళ్ళ కిందట, ఆదోనిలో భర్త పనిచేసే కోత మిల్లులో కొత్త మిషన్ పూజకు ఆమె నిమ్మకాయ తేవడం ఆలస్యమైంది. ఆ పూటే ఆయన రెండు వేళ్ళు పోయాయి. మిషన్ బలి తీసుకుందన్నారు అందరూ. వీరన్న కాదనలేదు. అప్పటినుంచి ఏటా శ్రావణంలో ఆమె ఉరుకుంద గుడికి పోయి, ఈరన్నస్వామి ముందు చెంపలేసుకుని వస్తోంది.

నిమ్మకాయ కోశాక ఉచ్చీరమ్మ కోడలి చేతికి పసుపు కంకణం కట్టింది. కొసలు జానెడు వేలాడుతున్నాయి. అనురాధ గాజులు ముందే తీసి గూట్లో పెట్టుకుంది.

"అత్తా, ఇది ఇప్పేస్తా. దారం తగులుకుంటే చేతిని లోపలికి గుంజుతాది."

"పొద్దుగుంకేదాకా ఇప్పగూడదు. శాస్త్రం తప్పితే ఏమైతాదో మీ మామను సూడు."

"అట్లయితే ఈ పొద్దు మిషన్ ఎయ్యను." అనురాధ ప్లగ్గు పీకేసింది.

"పూజ చేసి ఊరికే పెడ్తారా యాడన్నా?" ఉచ్చీరమ్మ కోడలి చెయ్యి పట్టుకుంది. "నా వల్ల ఒకరి చెయ్యి పోయింది సాలదామ్మా?"

 వెంట్రుకవాసి తేడాను ఒప్పుకోని పిల్ల ముందు వీరన్న ఇక నోరు మూసుకుని కూర్చోలేకపోయాడు.

"నిమ్మకాయ కాదే, ఉచ్చీరమ్మా. ఆ పొద్దు కట్టుకున్న కంకణమే. కొస బ్లేడుకు సుట్టుకోని చేతిని గుంజింది. అడ్డమొస్తాందని మూత నేనే తీసి పారేసినా. వడ్రంగోణ్ణి, సెప్పుకునేకి సిగ్గైంది."

 ఉచ్చీరమ్మ కోడలి చేతికున్న ముడి తనే విప్పింది. అనురాధ ప్లగ్గు పెట్టి, కర్రతో పలకను తోసింది. అది వంకర లేకుండా రెండుగా చీలింది. ఆ కోత చూసి వీరన్న కళ్ళు చెమర్చాయి.

అప్పుడు ఉచ్చీరమ్మ మిగిలిన నిమ్మకాయలన్నీ తెచ్చి ఆయన ఒళ్ళో పోసింది.

"ఈ శ్రావణంలో ఉరుకుందకు నువ్వు పో. చెంపలు నువ్వు ఏసుకో."