పెరట్లో నీళ్ళు

దొరైస్వామి జాడీ మూత తీసి, మెదడును రెండు చేతులతో పైకెత్తి ట్రేలో పెట్టాడు. వైద్య కళాశాలలో ముప్పై ఒక్క ఏళ్ళుగా ఇదే పని. గ్లవుజు చిరిగి, శవాలు కుళ్ళకుండా ఉంచే ఆ ఘాటు ఫార్మలిన్ మణికట్టు దాకా పాకింది. చూసుకునే తీరిక లేదు. ఈ గంటలో గడియారం వంక చూడడం ఇది ఆరోసారి.

ఇంట్లో పంకజవల్లి ఎలా ఉందో! భార్యకు మతిమరుపు జబ్బు వచ్చి రెండేళ్ళు. తొమ్మిది నెలలుగా మొగుణ్ణి కూడా ఆనవాలు పట్టడం లేదు. సాయంత్రం ఇంటికి వెళ్తే కొంగు సర్దుకుని లేచి నిలబడుతుంది.

"ఎవురు సార్ మీరు? మా ఇంటాయన డ్యూటీ నుంచి ఇంకా రాలా."

ముప్పై ఏళ్ళు కాపురం చేసినవాడు సొంత గుమ్మంలో సారైపోయాడు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి గుర్తుపడితే చాలునని అతని ఆశ.

పాపం, చేయగలిగిందంతా చేశాడు. పెళ్ళిఫొటో మంచం ఎదురుగా తగిలించాడు. ఆమె గుండె కూడా బలహీనమైందని డాక్టరు చెప్పిన రోజు నుంచి, శవాలు ముట్టిన ఒంటితో జబ్బుమనిషి దగ్గరికి పోకూడదని, కాలేజీలోనే చందనం సబ్బుతో రుద్ది రుద్ది స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మరీ వెళ్తున్నాడు. అంతకుముందు ఆ స్నానం ఇంటి పెరట్లోనే. బక్కెట్టు నీళ్ళు, నిమ్మచెక్క ఆమే సిద్ధం చేసేది. అది అయ్యేదాకా నడింట్లోకి రానిచ్చేది కాదు.

డాక్టరమ్మ విద్యార్థులకు మెదడు తిప్పి చూపిస్తోంది. కలిసి జరిగినవి లోపల ముడిపడి ఉంటాయట, ఒకటి కదిపితే రెండోది కదులుతుందట. చూసినవీ విన్నవీ చుట్టు తిరిగి వెళ్ళాలట. వాసనకు మాత్రం జ్ఞాపకం ఇంటికి అడ్డదారి ఉందట. ఏటా వినే పాఠమే. చెవిన పడింది గానీ దొరైస్వామి బుర్రకెక్కలేదు.

ఫోను మోగింది. పక్కింటి తిలగం.

"అన్నా, వదిన వీధిలోకొచ్చేసింది. మా ఆయన యాడ, యాడ అని పొయ్యేవాళ్ళనంతా అడగతా ఉంది. సీక్రం రా!"

స్నానమూ లేదు, ఇస్త్రీ చొక్కా లేదు. ఖాకీ బట్టలతోనే సైకిలెక్కి లాస్‌పేటలో ఇంటి దాకా ఎక్కడా ఆగకుండా తొక్కాడు. అప్పటికే తిలగం ఆమెను లోపల కూర్చోబెట్టి వెళ్ళింది. అతను గడప దాటగానే పంకజవల్లి ముక్కు చిట్లించింది.

"ఏందయ్యా, ఆ కంపుతో నడింట్లోకి వస్తావా? యాడికి పోయినావు ఇంతసేపు? ఉండు, నీళ్ళు పెడతా."

దొరైస్వామికి ఏడుపొచ్చింది. ఆ వెంటనే తన మీద తనకే ఒళ్ళు మండింది. తొమ్మిది నెలలుగా చేజేతులా తనను తానే కడిగేసుకున్నాడు.

ఆమె పెరట్లో బక్కెట్టు నింపింది. నిమ్మకాయ కోసి వేసింది. ఆ చేతులు ఏదీ మరిచిపోలేదు.

"పోసుకో."

పోసుకుంటే మళ్ళీ సారైపోతాడేమో! "పోసుకుంటాలే. రోంత సేపు కూర్చో" అన్నాడు.

"సోంబేరి" అని గొణుగుతూ ఆమె మెట్టు మీద పక్కనే కూర్చుని, ఖాకీ భుజానికి తల ఆనించింది. గొణుగుడు కాసేపటికి ఆగిపోయింది. నిద్రపోయిందనుకుని అతను కదలకుండా కూర్చున్నాడు. ఎండ గోడ దిగిపోయాక చెయ్యి పట్టుకుని చూశాడు. చల్లగా ఉంది.

బక్కెట్టు నీళ్ళు నిండుగా అలాగే ఉన్నాయి, పైన నిమ్మచెక్క తేలుతోంది.