భూమవ్వ అరచెయ్యి

"ఫ్రిజ్‌ల తినేటియి వెట్టాలె గని, గడ్డి వెడ్తరా?" అని మా ఆయన భానుప్రసాద్ అడగని ఆదివారం లేదు. ఆ గడ్డే నా బతుకుతెరువు. నిజామాబాద్‌లో పెళ్లికూతుళ్లకు గోరింటాకు, మా వైపు మాటలో మైదాకు, పెడతాను. కొత్త పంట పొడి, రంగు కలపనిది, వెతికి వెతికి కొంటాను. గాలి మిగలకుండా కవర్లు నొక్కి మూసి, వెలుతురు తగలకుండా నల్ల సంచిలో చుట్టి, డీప్ ఫ్రిజ్‌లో దాస్తాను. అలా ఉంటే ఏడాదైనా దాని పచ్చివాసన పోదు. ఇదంతా చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టిందే తప్ప, ఆయన దృష్టిలో నాది ఇప్పటికీ టైంపాసే.

ఈ ఆదివారం మటన్ తెచ్చాడు. చోటు కోసం నా కవర్లన్నీ తీసి వంటగట్టు మీద పడేసి పోయాడు. నేను కూరగాయలకు వెళ్లి ఉన్నాను. మా అత్తమ్మ భూమవ్వ ఆ చెమ్మపట్టిన కవర్లు చూసింది. ఆమె జక్రాన్‌పల్లిలో పసుపు పండించిన మనిషి. పసుపైనా మిరపైనా పప్పైనా, చెమ్మ తగిలిందంటే ఎండకు పెట్టడమే ఆమెకు తెలుసు. పాత చీర పరిచి పొడినంతా మిద్దె మీద ఆరబోసింది, కోడలి సొత్తు పాడవకూడదని. నేను వచ్చేసరికి పచ్చటి పొడి ఎండుగడ్డి రంగుకు తిరిగింది. మర్నాడే బోధన్‌లో ఒక పెళ్లికూతురికి మెహందీ. సాయంత్రానికి పొడి తడపాలి. నాకు ఏడుపు ఆగలేదు.

క్యాన్సిల్ చేసుకోమన్నాడు ఆయన, ఫోన్‌లోంచి తల ఎత్తకుండా. నీ పని మీదే ఇల్లు నడుస్తోందా అని కూడా అన్నాడు.

అత్తమ్మ ఒక్క సాకూ చెప్పలేదు. "ఖరాబు జేసింది నేను. నడువు బిడ్డా, నేనే వస్త" అని చెప్పులేసుకుంది.

దుకాణంలో చిటికెడు పొడి తడిపి, అరచేతిలో పెట్టి, కాసేపాగి తుడిచి చూడందే నేను కొనను. కానీ నా చేతులకు ఎప్పుడూ పాత రంగు ఉంటుంది, కొత్తది తెలియదు. ఎవరి చెయ్యి అడగాలా అని చూస్తుంటే అత్తమ్మ తన చెయ్యి చాపింది. మామయ్య పోయాక ఆ చేతికి గోరింటాకు తగలలేదు. తగలనియ్యలేదు అనడం నిజం. దుకాణపామె ఆమె బోడి మెడ చూసి వెనకాడింది.

"వెట్టి సూడు. పసుపు తవ్విన చెయ్యి ఇది. దీనికి ఎక్కితే ఎవ్వలకైన ఎక్కుతది" అంది అత్తమ్మ.

మొదటి పొడి పండలేదు. రెండోది నారింజ రంగులో పండింది, అదే కొన్నాను. ఆమె ఆ మచ్చను కొంగుతో తుడవలేదు, గుప్పిట మూయలేదు. బజారంతా అలాగే నా పక్కన నడిచింది. ఆ నడక చూస్తుంటే నాకు ఎంత గర్వమనిపించిందో!

ఇంట్లో ఆ మచ్చ ఆయన కంట పడింది. "అవ్వా, చేతికి గదేంది? నలుగురు జూస్తే ఏమంటరు?"

"సచ్చింది మీ బాపు. నా చెయ్యి గాదు."

అత్తమ్మ డీప్ ఫ్రిజ్ తెరిచి, మటన్ కవర్ తీసి కొడుకు చేతిలో పెట్టింది.

"గిది నువ్వే వండుకో. రేపు నేను గూడ కోడలెంబడి మైదాకు పెట్ట వోతున్న."