లిఫ్టాయన మొహం

త్రాసు ముల్లు అరవై గ్రాముల మీద నిలిచేదాకా తూకం పిన్ని ఊపిరి బిగబట్టింది. రెండు గింజలు ఎక్కువయ్యాయి. వాటిని తీసి మళ్ళీ సంచిలో వేసింది. ఆరంతస్తుల ఆఫీసు భవనంలో, లిఫ్టు పక్కనున్న కాఫీ కౌంటరు వెనక, ముప్ఫై నాలుగేళ్ళుగా ఆమె రోజు ఇలాగే మొదలవుతోంది. పొట్టి వేళ్ళు, కాఫీ రంగు దిగిపోయిన గోళ్ళ అంచులు, ఎడమ మణికట్టు మీద ఆవిరి కాల్చిన మచ్చ. చెంచాలతో ఉజ్జాయింపుగా పొడి వేసేవాళ్ళను చూస్తే ఆమెకు ఒళ్ళుమంట. అందుకే ఆ పేరు వచ్చింది. అసలు పేరు కన్నకొడుక్కైనా గుర్తుందో లేదో.

గింజల విషయంలో ఆమెవి గట్టి అభిప్రాయాలు. లేతగా వేపిన గింజ పిల్లికి బిచ్చం పెట్టని రకం. సలసల మరిగే నీళ్ళు పొడికి పదిహేడు రెట్లు పోస్తే గానీ తన దగ్గరున్నది బయటపెట్టదు. ముదురుగా వేపింది వాగుడుకాయ. అడక్కుండానే అన్నీ చెప్పేసి, చివరికి చేదు మాటలకు దిగుతుంది. కాస్త వేడి తగ్గిన నీళ్ళు పద్నాలుగు రెట్లు పోసి, అక్కడితో దాని నోరు మూయించాలి. "మనుషులూ అంతే" అంటుంది పిన్ని. "మా కోడలు లేత రకం" అని కూడా అంటుంది, పిల్లకు వినపడేలాగే.

ఆ మాటా అబద్ధం కాదు. కోడలు నోట్లో నాలుక లేని పిల్ల. రెండేళ్ళుగా కౌంటర్లోనే పనిచేస్తోంది. కప్పులు కడుగుతుంది, ట్రే పట్టుకుని అంతస్తులన్నీ తిరుగుతుంది. త్రాసును మాత్రం పిన్ని ఇంతవరకూ ముట్టుకోనివ్వలేదు.

పిన్ని దాచిన సంగతి ఒకటుంది. మూడు నెలల కిందట వచ్చిన జ్వరం, పోతూ పోతూ ఆమె ముక్కునూ నాలుకనూ పట్టుకుపోయింది. ఏం తాగినా వేడో చల్లనో తెలుస్తుంది, అంతే. కాఫీ కలిపే మనిషికి రుచి తెలియదంటే కౌంటరు దగ్గరికి ఎవరొస్తారు? తేలుకుట్టిన దొంగలా నోరు మెదపకుండా ఊరుకుంది.

ఆమెను ఇన్నాళ్ళూ గట్టెక్కించింది లిఫ్టాయన మొహం. నీలం టోపీ పెట్టుకుని లిఫ్టు నడిపే ఆయనకు రోజూ ఎనిమిదింటికి మొదటి కప్పు. బాగుంటే ఆయన కనుబొమలు పైకి లేస్తాయి. పలచనైతే మీసం వాలిపోతుంది. చేదెక్కితే ఎడమ కన్ను దానంతటదే మూసుకుంటుంది. మనసులో మాట దాచడం చేతకాని మొహం అది. దాన్ని చూసే పిన్ని రెండో విడతకు నీళ్ళు పెంచేది, తగ్గించేది. తన మొహానికి ఇంత పనుందని ఆయనకే తెలియదు.

ఆయనకు ఇవాళే ఆఖరి రోజు. రేపట్నుంచి లిఫ్టులో ఎవరి మీట వాళ్ళే నొక్కుకోవాలి. ఆయన దూరాన తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోతున్నాడు. రేపటి మొదటి కప్పు తలుచుకుంటేనే పిన్నికి గుండెల్లో రాయి పడుతోంది.

ఆ రాయికి తోడు ఇవాళ కొత్త సంచి. గింజలు వేపేవాడు లేతవాటి సంచిని తెల్ల దారంతో, ముదురువాటిని నల్ల దారంతో కుట్టి పంపుతాడు. దీనిది తెల్ల దారం. గింజలు రవ్వంత నల్లగా ఉన్నాయేమో అనిపించింది గానీ, కౌంటరు మీది దీపం గుడ్డిది, పిన్ని కళ్ళద్దాలు పాతవి. వెనకటి రోజుల్లో అయితే సంచి విప్పగానే ముక్కే చెప్పేసేది. దారాన్ని నమ్మి పదిహేడు రెట్లు, అంటే వెయ్యీ ఇరవై గ్రాముల నీళ్ళు, మరుగుతుండగానే పోసింది.

లిఫ్టాయన ఒక గుక్క తాగాడు. కనుబొమలు పైకి లేచాయి.

"అబ్బ! ఇలాంటి కాఫీ జన్మలో తాగలేదు చెల్లెమ్మా!"

పిన్నికి కొండంత ధైర్యం వచ్చింది. అదే కొలతతో నాలుగు ఫ్లాస్కులు నింపింది.

పదకొండింటికి కోడలు ట్రే తెచ్చి ముందు పెట్టింది. పన్నెండు కప్పుల్లో పదకొండు నిండుగా అలాగే ఉన్నాయి. తాగింది మూడో అంతస్తు గుమాస్తా ఒక్కడే. వేడిగా ఉంటే చాలు, ఆయన ఏదైనా తాగుతాడు.

పిన్ని గబగబా లిఫ్టు దగ్గరికి నడిచింది.

"అన్నయ్యా, నిజం చెప్పు. పొద్దున కాఫీ ఎలా ఉంది?"

ఆయన ఎడమ కన్ను మూసుకుంది.

"మాడు చేదు చెల్లెమ్మా. పోయే రోజున నిన్నెందుకు నొప్పించాలని... ఏమిచ్చినా సంతోషంగా తాగాలని నిన్న ఇంట్లో అద్దం ముందు అలవాటు చేసుకున్నా."

పిన్నికి ఫక్కున నవ్వొచ్చింది. నవ్వుతుండగానే కళ్ళు నిండాయి. "నీ మొహాన్ని నమ్ముకునే కదయ్యా మూడు నెల్లుగా కాఫీ పోస్తున్నాను! నాకు రుచీ పచీ ఏం తెలియట్లేదు!"

"అయ్యో, ఇప్పుడా చెప్పడం? రేపు నేనుండనే!"

వెనక ట్రే చప్పుడైంది. కోడలు నోరు తెరుచుకుని చూస్తోంది. పిన్ని సంచి దగ్గరికి వెళ్ళి గుప్పెడు గింజలు తీసి కోడలి అరచేతిలో పోసింది.

"నువ్వు చూడమ్మా" అంది.

కోడలు వాసన చూసింది. ఒక గింజ కొరికింది. "ముదురువి అత్తయ్యా. దారం తప్పు కుట్టాడు. పద్నాలుగు రెట్లు చాలు. ఎనిమిది వందల నలభై."

"నీకెవరు నేర్పారే?"

"రెండేళ్ళుగా మీరే నేర్పుతున్నారుగా. లేత రకాన్ని కదా, అడిగేదాకా చెప్పలేదు."

లిఫ్టాయన పడీపడీ నవ్వాడు. పిన్ని మూతి ముడుచుకుంది గానీ, త్రాసు ముందు నుంచి పక్కకు జరిగి పిల్లకు చోటిచ్చింది. కాఫీ దిగాక మొదటి కప్పు యథాప్రకారం లిఫ్టాయనకే ఇచ్చారు. పిన్ని అలవాటుగా ఆయన వైపు తిరగబోయి, ఆగి, రెండో కప్పు తాగుతున్న కోడలి మొహంలోకి చూసింది. ఆ పిల్ల తల ఊపింది. ఆ పూట ఒక్క కప్పు కూడా నిండుగా తిరిగి రాలేదు.

నాలుగింటికి లిఫ్టాయన ఆఖరిసారి తలుపు జరిపి బయటికొచ్చాడు. "వెళ్ళొస్తా చెల్లెమ్మా" అన్నాడు. "ఆరోగ్యం జాగ్రత్త అన్నయ్యా" అంది పిన్ని. ఆయన గాజు తలుపు తోసుకుని వీధి జనంలో కలిసిపోయాడు. అంతకు మించి ఏం మాట్లాడినా ఇద్దరూ ఏడ్చేవాళ్ళే.

కౌంటరు తుడుస్తుంటే కోడలికి ఆయన మరిచిపోయిన నీలం టోపీ కనిపించింది. పిన్ని అందుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏమీ తెలియలేదు. కోడలికి చాచింది.

"ఏం వాసనే?"

"చెమట కంపు అత్తయ్యా!"

ఇద్దరూ నవ్వుకున్నారు. "సరిగ్గా చూడు" అంది పిన్ని. కోడలు కళ్ళు మూసుకుని తీరిగ్గా పీల్చింది.

"లిఫ్టు గ్రీజు. దాని కింద మన కాఫీ. ఇవాళ్టిది కాదు, లేత గింజలది."

పిన్ని మారుమాట లేకుండా నమ్మింది. టోపీని గోడ మేకుకు తగిలించింది. దాని అంచు లోపల, నుదురు తగిలే చోట, ఆయన కనుబొమలు ఇన్నేళ్ళూ లేచీ లేచీ గుడ్డ నున్నగా అరిగిపోయి ఉంది.