పడుకున్న కొలత

నాకున్న భయాలన్నింటిలో పెద్దది ఇది: నా కొడుకు బతికాడు కాబట్టి ఇంకొకరు బతకలేదేమోనని.

ఆ ఇంకొకరు జయకుమారి. గుంటూరు అమ్మాయి. మద్రాసులో ఆర్కిటెక్చరు చదివి, అది చాలదన్నట్టు దాని మీద ఇంకో పెద్ద చదువులో చేరింది. పోయిన మిరపకాయల కాలంలో, ఎనభై ఆరు ఫిబ్రవరిలో మా పల్లెకు వచ్చి చర్చి టీచరుగారింట్లో దిగింది. మాకు గవర్నమెంటు కాలనీ ఇళ్ళు మంజూరయ్యాయి. అలాంటి ఇల్లు ఎలా ఉంటే మాలాంటివాళ్ళకు కుదురుతుందన్నది ఆమె ఆఖరి పరీక్షకు ఎంచుకున్న విషయం. దానికి ముందు మేము ఇప్పుడున్న ఇళ్ళలో ఎలా ఉంటున్నామో చూడాలట. అలా మా ఇంటికి వచ్చింది.

మా పల్లె మార్టూరుకు దగ్గర. మా ఆయన ఇమ్మానియేలు అక్కడ రాళ్ళు పాలిష్ పట్టే చోట పని చేస్తాడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కనుబొమ్మలతో సహా తెల్లగా ఉంటాడు, మా బిడ్డ ఆదాం గుర్తుపట్టక జడుసుకుంటాడు. మామగారు క్రీస్తుదాసు వడ్రంగం చేస్తారు. తలుపులు, మంచాలు, అరకలు. మా చర్చి సంఘంలో ఎవరైనా పోతే పూడ్చడానికి పెట్టె చేసేదీ ఆయనే.

వచ్చిన రోజే మా అత్త ఆదెమ్మ ఆమెను నిలదీసింది.

"మొదటేడాది ఏం జెప్పారమ్మాయ్ నీకు?"

"ఇల్లంటే ఏమిటి అని, పెద్దమ్మా. సిద్ధాంతం."

"ఇల్లంటే ఏందో తెలుసుకోను ఏడాది పట్టిందా? మా దూడకి ఒక్కపూటలో తెలిసిద్ది."

జయక్క కోపం తెచ్చుకోలేదు. "మీ దూడ మా క్లాసులో ఉంటే ఫస్టొచ్చేది," అంది. అప్పటి నుంచి అత్తకు ఆమె అంటే ఇష్టం.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా అమ్మ పోయింది. తమ్ముళ్ళకు వండిపెట్టడానికి బడి మానేశాను, తర్వాత పెళ్ళయింది. అందుకని ఆమె ఏం చెప్పినా చెవులు అప్పగించి వినేదాన్ని. అత్త రోజూ ఆనుకుని కూర్చునే చోట గోడ మీద తలనూనె మరక ఉంది. ఒకరోజు జయక్క దాని ముందు చాలాసేపు నిలబడి, "ఇది చూశావా రెబ్కా, మనిషి లేనప్పుడు కూడా మనిషి కొలత ఇంట్లోనే ఉంటుంది. మా థియరీ సారు నెల రోజులు తిప్పి తిప్పి చెప్పింది ఇదే," అంది. ఆ తర్వాత అత్త పొలానికి వెళ్ళినప్పుడు ఆ మరక వైపు చూడాలంటే నాకు ఒళ్ళు జలదరించేది.

రెండో ఏడాది చదువు వేరు. గాలికి ఒక పేపరు, వెలుతురుకు ఒక పేపరు, నీళ్ళు రావడానికీ పోవడానికీ ఒకటి, కప్పు బరువును గోడలు ఎలా మోస్తాయన్నది ఇంకొకటి. మా తాటాకింట్లో ఆమె అగరొత్తి వెలిగించి, పొగ ఎటు పోతుందో చూస్తూ కూర్చుంటే అత్త గుమ్మంలోకి వెళ్ళి అటూ ఇటూ చూసింది.

"పాస్టరుగారు జూశారంటే మనల్ని వెలేస్తారే, అమ్మాయ్."

"గాలి కోసం పెద్దమ్మా, దేవుడి కోసం కాదు."

పొగ దూలం దాకా లేచి చూరు కింద నుంచి బయటికి పోయింది. తర్వాత నన్ను వెంటబెట్టుకుని, అప్పటికే శ్లాబు పడిన ఒక కాలనీ ఇంటికి వెళ్ళి అక్కడా వెలిగించింది. ఆ పొగ లేచి, కప్పు కింద గదంతా పరుచుకుని అలాగే నిలబడిపోయింది. "ఇక్కడ గాలి ఆగిపోతుంది," అని ఆమె రాసుకుంది. నా చంకలో ఉన్న ఆదాం అదే గాలి పీలుస్తున్నాడు. నేను గబగబా బయటికి వచ్చేశాను.

మా వంటపాకలో నన్ను పొయ్యి ముందు కూర్చోబెట్టి నా కంటి ఎత్తు కొలిచింది. చెయ్యి చాపితే ఎంత దూరం అందుతుందో కొలిచింది. గుమ్మం పక్క రాటకు నన్ను నిలబెట్టి తల ఎత్తున పెన్సిలుతో గీత పెట్టింది. తనూ నిలబడి పైన ఇంకో గీత పెట్టుకుంది. "ఇంజనీర్లు కిటికీని నిలబడ్డ మగవాడి కంటికి పెడతారు," అంది. "నువ్వు రోజులో సగం కూర్చునే ఉంటావు. అన్నం వారుస్తూ తల తిప్పితే నీ బిడ్డ కనిపించాలి. నీ కిటికీ ఇక్కడ ఉండాలి." గాలిలో ఆమె చెయ్యి పెట్టిన చోటు నాకు ఇప్పటికీ తెలుసు. అంతకు ముందు నా కోసం ఎవరూ ఏదీ అంత ఆలోచించి చెప్పలేదు.

ఇక జరిగింది చెబుతాను.

ఒకరోజు నేను కల్లంలో కాయలు తిరగెయ్యడానికి వెళ్ళాను. ఆదాంను నిద్రపుచ్చి, కాస్త చూస్తూ ఉండమని జయక్కకు చెప్పాను. తిరిగి వచ్చేసరికి చాప మీద బిడ్డ పక్కన, తల నుంచి మడమల దాకా ఇనుప టేపు పరిచి ఉంది. ఆమె వంగి అంకె చూసుకుంటోంది.

"మేలుకున్నవాళ్ళను పడుకోమంటే బిగుసుకుని పడుకుంటారు రెబ్కా. నిజంగా నిద్రపోయేటప్పుడు ఎంత చోటు పడుతుందో తెలియాలి. కాలనీ ప్లానులో మీ అందరికీ కలిపి ఒక్క గదే ఇచ్చారు."

ఆమె పని అది. ఆమెకు తెలియంది ఏమిటంటే, మా ఇంట్లో పడుకున్న మనిషి పక్కన కొలత పెట్టేది ఒక్క మామగారే. ఆయన దానికి టేపు వాడరు. వెదురు బద్ద చీల్చి తీసుకెళ్ళి, పోయిన మనిషి తల నుంచి పాదాల దాకా ఆనించి గాటు పెడతారు. పెట్టె పూర్తయ్యాక ఆ బద్దను ఆ మనిషి పక్కనే పెట్టి మూత బిగిస్తారు. ఎవరి కొలత వాళ్ళతోనే పోవాలి. చొక్కా కుట్టించాలన్నా, ఎంత ఎదిగాడో చూడాలన్నా మేము మనిషిని నిలబెట్టే కొలుస్తాం.

"నిలబెట్టి కొలవాలి అక్కా," అన్నాను.

"వాడింకా నిలబడటంలేదుగా," అంది నవ్వుతూ. అదీ నిజమే.

సాయంత్రానికి ఆదాం ఒళ్ళు కాలిపోయింది. జయక్కే మమ్మల్ని బస్సెక్కించి చిలకలూరిపేట తీసుకెళ్ళింది. డాక్టరు సూది వేసి, మందు రాసిచ్చాడు. మర్నాడు పొద్దెక్కినా జ్వరం దిగలేదు. వాడు పాలు తాగడం మానేశాడు. ఏడవడం కూడా మానేశాడు. అప్పుడు నేను అత్తకు టేపు సంగతి చెప్పాను.

అత్త తిట్టలేదు.

"పండుకున్నోణ్ణి కొలిచాక ఆ కొలత ఊరికే పోదు," అంది. "ఇంకెవురన్నా అదే చోట పండుకుని దాన్ని మీదేసుకోవాలి."

"నేను పడుకుంటా," అన్నాను.

"పాలిచ్చేదానివి. నువ్వూ వాడూ ఒకటే ఒళ్ళు. నువ్వు పండుకుంటే వాణ్ణి రెండోసారి కొలిచినట్టే. నేను పండుకుంటాలే."

మామగారు వాకిట్లో నుంచే అన్నారు, "కట్టుకున్నదాన్ని నేను కొలవను. అంత కావాలంటే ఇంకో వడ్లోణ్ణి తెచ్చుకోండి."

మా ఆయన పనికి వెళ్ళి ఉన్నాడు. పడుకోమని నేను ఎవరినీ అడగలేదు. జయక్క మందు సీసా పట్టుకుని గుమ్మంలో నిలబడి అంతా విన్నది.

"కొలిచింది నేను. నేనే పడుకుంటాను," అంది. "ఏమవుతుంది పెద్దమ్మా? మీ మనసు కుదుటపడుతుందంటే పదిసార్లు పడుకుంటా."

సంచీ పక్కన పెట్టి, చెప్పులు విప్పి, బిడ్డ పడుకున్న చాప మీదే వెల్లకిలా పడుకుంది. మామగారు బద్ద చీల్చుకుని వచ్చి ఆమె పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నారు.

"చేతులెక్కడ పెట్టుకోవాలి తాతగారూ?"

"మాట్లాడబాకమ్మా."

"కళ్ళు మూసుకోవాలా?"

అప్పటిదాకా ఆయన కొలిచినవాళ్ళెవరూ ఆయన్ని ఏమీ అడగలేదు. బద్ద కొస పాదాలకు తగిలితే ఆమెకు చక్కిలిగింత పుట్టి పకపకా నవ్వింది. ఆ నవ్వు ఆగేదాకా ఆగి ఆయన గాటు పెట్టారు.

ఆ పొద్దు గూకేలోపే ఆదాంకు చెమట పట్టింది. పాలకు వెతుక్కున్నాడు. "చూశావా, సూది పనిచేసింది," అంది జయక్క. అవునన్నాను.

ఆమె వెళ్ళే రోజు మామగారు ఆ కొలత ఇక చెల్లకుండా బద్దను విరిచి కాలవలో వేద్దామని బయటికి తీస్తుంటే చూసింది.

"అది నాకివ్వండి తాతగారూ. పరీక్ష రోజు నా డ్రాయింగుల పక్కన పెడతాను. మీ ఊళ్ళో మనిషిని ఎలా కొలుస్తారో మా సార్లు కూడా చూడాలి."

మామగారు అత్త వైపు చూశారు. అత్త తల తిప్పుకుంది. "ఎవరి కొలత వాళ్ళదేలే," అని ఆయన ఇచ్చేశారు. ఆమె దాన్ని చుట్టిన కాగితాలతో కలిపి తాడుతో కట్టుకుని బస్సెక్కింది. తొలకరికి వస్తానంది. నా కిటికీ బొమ్మ పూర్తిగా గీసి తెస్తానంది.

తొలకరి వచ్చింది. పత్తి విత్తారు. ఇంజనీరు మా ఇంటికి శ్లాబు పోయించి, కిటికీ మగవాళ్ళ కంటి ఎత్తునే పెట్టించాడు. ఆమె రాలేదు. టీచరుగారు కార్డు రాశారు, తర్వాత ఇంకోటి రాశారు. దేనికీ జవాబు లేదు. చదువు ఒత్తిడి అయి ఉంటుందని టీచరుగారు అన్నారు. నేనూ అలాగే అనుకుని ఉండేదాన్ని, మామగారి పలకలు లేకపోతే.

మొదటిది మా కొత్త ఇంటి తలుపు కోసం కోసిన పలక. పొట్టిగా వచ్చింది. అరవై ఏళ్ళ మనిషి, చూపు తప్పిందేమో అనుకున్నాం. ఆయన దాన్ని పందిరి కింద గోడకు ఆనించారు. తర్వాత ఎవరిదో మంచానికి పలక కోస్తే అదీ అంతే పొడుగు వచ్చింది. దాన్నీ పక్కన పెట్టారు. మూడోది వచ్చినప్పుడు నేను ఆయన లేని సమయం చూసి, దాన్ని మోసుకెళ్ళి వంటపాక గుమ్మం పక్క రాటకు నిలబెట్టాను. జయక్క తన ఎత్తుకు పెట్టుకున్న పెన్సిలు గీత కంటే సరిగ్గా బెత్తెడు పైకి ఉంది.

పెట్టె మనిషి కంటే బెత్తెడు ఎక్కువ చేస్తారు. తలకూ కాళ్ళకూ ఇరుకు కాకుండా.

మా ఆయనకు చెప్పాను. ఆయన తొట్టి దగ్గర మొహం మీది రాతిపొడి కడుక్కుంటున్నాడు.

"నాన్నకి చూపు ఆనట్లా. అంతేనే."

"మూడుసార్లూ ఒకే కొలతకు ఆనలేదా?"

"పిచ్చి మాటలు మాట్లాడబాక."

"పోనీ నువ్వొకసారి మద్రాసు వెళ్ళి చూసిరా."

"రాళ్ళు రుద్దేవోణ్ణి, ఆడపిల్లల హాస్టలు ముందు నిలబడి ఏమని అడగనే? తన్ని తగలేస్తారు."

మామగారినే అడిగాను. ఆయన రంపం పళ్ళు ఆకురాయితో రుద్దుతున్నారు. "టేపు పెట్టే గుర్తేస్తన్నానమ్మా," అన్నారు. "కోసేటప్పుడు చెయ్యి మాత్రం అక్కడికే పోతంది."

ఆ పలకల్ని తగలబెడదామంటే ఒప్పుకోరు. వేరే పనికి కోసి వాడమంటే రంపం ముట్టరు. ఆదాం ఇప్పుడు నిలబడుతున్నాడు. పాకుతూ పందిరి కిందకు వెళ్ళి, ఆ పలకలు పట్టుకునే పైకి లేస్తున్నాడు. లేచి వాటికి చెంప ఆనించి నిలబడతాడు. ఎన్నిసార్లు తెచ్చి ఇంట్లో కూర్చోబెట్టినా అక్కడికే పోతున్నాడు. వాడు బాగున్నాడు. ఒక్క రోజు కూడా ఒళ్ళు వెచ్చబడలేదు. వాడు బాగున్నకొద్దీ నాకు అన్నం సయించడం లేదు.

పెట్టెకు పొడుగు పలకలు నాలుగు కావాలి. అడుగుకొకటి, మూతకొకటి, పక్కలకు రెండు. పందిరి కింద మూడున్నాయి. నిన్న ఊళ్ళో యలమందయ్యగారు మంచం చెయ్యమని బండిలో కలప తెచ్చి మా వాకిట్లో దింపి వెళ్ళారు.

మద్రాసులో ఉన్నవాళ్ళెవరైనా ఇది చదివితే నాకు ఒక్క సాయం చేసిపెట్టండి. ఆర్కిటెక్చరు పెద్ద చదువు చదివే ఆడపిల్లలుండే హాస్టలుకు వెళ్ళి, గుంటూరు జయకుమారి అని అడగండి. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోదు. చదువైపోయి వెళ్ళిపోయిందంటే ఎక్కడికి వెళ్ళిందో కనుక్కోండి. గదిలో పడుకుని ఉందని చెబితే గుమ్మంలోంచి చూసి వచ్చెయ్యకండి. లోపలికి వెళ్ళి పేరు పెట్టి పిలవండి. పలికేదాకా పిలవండి.